దువ్విన కుప్ప

అధ్యక్షత వహించిన డైరెక్టరుగారికి, ఆయన పక్కన కూర్చున్న పరిశోధన మేడమ్‌గారికి, ముందు వరుసలో పెద్దలకి, వెనక గోడకి చేరబడి నిలబడ్డ మా షెడ్డు వాళ్ళకి, అందరికీ దండాలు. కాయితం రాసుకురాలేదు. తెచ్చుకున్నా చదవలేను, నాకు అంకెలూ సంతకం తప్ప రావని ఇక్కడ తెలియనివాళ్ళు లేరు కాబట్టి సిగ్గూ లేదు. (నవ్వులు)

రిటైరవుతున్నానని గోడగడియారం ఇచ్చారు, సంతోషం. ముప్ఫయ్యొక్క ఏళ్ళు టైముకి వచ్చినవాడికి ఇప్పుడు గడియారం ఎందుకో గానీ, బాగుంది. డైరెక్టరుగారు ఇందాక నన్ను పొగుడుతూ "ఈయన చేతిలో ఒక్క తప్పూ జరగలేదు" అన్నారు. అయ్యా, మీరు వచ్చి నాలుగేళ్ళే. జరిగింది. అది చెప్పకుండా దీన్ని ఇంటికి పట్టుకెళితే గోడ మీంచి రోజంతా నాకు అదే గుర్తుచేస్తుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట మేడమ్‌గారు కోళ్ళ ఎరువు మీద పని మొదలెట్టారు. ఇక్కడో షెడ్డు, పరాయి దేశంలో ఓ షెడ్డు. అదే జాతి కోళ్ళు, అదే దాణా. రెండుచోట్లా ఎరువు కుప్ప పోసి, వారంవారం తూచి, మచ్చు తీసి ల్యాబుకి పంపి, నత్రజని ఎంత మిగిలింది, ఎంత గాలిలో కలిసిందని చూడటం. నత్రజని అంటే ఏంటమ్మా అని అడిగితే, "ఎరువులో పైరు తినే తిండి. షెడ్డులో నీ కళ్ళు మండాయంటే ఆ తిండి లేచిపోతున్నట్టు" అన్నారు. నాకెవరూ ఏదీ అంత బాగా చెప్పలేదు. "మచ్చుకి తప్ప కుప్పని ముట్టుకోకు" అని కూడా అన్నారు. అదీ విన్నాను.

కానీ వారంవారం కుప్పకి ఫోటో తీసి అవతలికి పంపేవాళ్ళు, అక్కడి ఫోటో ఇక్కడికొచ్చేది. వాళ్ళ కుప్ప గడ్డలు గడ్డలుగా, నిద్రలేచి తల దువ్వుకోని మనిషిలా ఉండేది. మనదీ అలాగే ఉండాలా? పరువు కాదూ! ఫోటో రోజు పొద్దున్నే ఇనప పళ్ళ దంతె పట్టుకుని, గడ్డలు చితక్కొట్టి, నాలుగు పక్కలా నున్నగా దువ్వి, కొత్త పెళ్ళికొడుకులా నిలబెట్టేవాణ్ణి. కళ్ళల్లోంచి నీళ్ళు ధారకట్టేవి. దుమ్మనుకున్నాను! (నవ్వులు) నవ్వండి, నవ్వాల్సిందే.

ఏడాది తిరిగేసరికి వాళ్ళకి పోయింది నాలుగో వంతు, మనకి పోయింది సగం పైన. మన ఎండలే కారణమన్నారంతా. ఈలోపు అక్కడి షెడ్డు మనిషి, నాలాంటివాడే, మన షెడ్డు చూడ్డానికొచ్చాడు. ఒకరి మాట ఒకరికి రాదు. తళతళలాడుతున్న నా దంతె పళ్ళు తడిమి, నా మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపాడు. అప్పుడు తట్టింది, నా కళ్ళు మండింది దుమ్ముకి కాదు, నేను కెలికినప్పుడల్లా ఆ తిండి లేచిపోతోందని.

ఆ సాయంత్రమే మేడమ్‌గారికి చెప్పేశాను. బోర్లించిన బకెట్టు మీద కూలబడిపోయారు. ఏడాది పని మరి. కాసేపటికి లేచి, "రేపట్నించి రెండు కుప్పలు పోద్దాం. ఒకటి ముట్టుకోకు. రెండోది నీ ఇష్టమొచ్చినట్టు దువ్వు. అదీ రాద్దాం" అన్నారు. ముట్టుకోని కుప్పలో వాళ్ళకీ మనకీ తేడా కాస్తే వచ్చింది. అమ్మా, నా తప్పుని పారేయకుండా దానికంటూ ఓ కుప్ప ఇచ్చారు మీరు. నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను.

ఇక అసలు సంగతి. అప్పట్లో కుప్పలు మళ్ళీ మొదట్నుంచి ఎందుకు తూస్తున్నారని జనం అడిగితే, ఆఫీసులో ఎవరో కాటా చెడిందన్నారు. ఆ కాటా కొన్నది స్టోరుకీపరు. అంటే మా అక్క మొగుడు, నన్నీ పనిలో పెట్టించిన మనిషి. అదుగో, మూడో వరుసలో. ఆయన రిటైరయ్యేదాకా, మేడమ్‌గారి చెవిన పడకుండా, అందరూ "దొంగకాటా" అని పిలిచారు. నేను పక్కనే నిలబడి విన్నాను. మేడమ్‌గారొక్కరికి చెప్పడం వేరు, పదిమందిలో ఒప్పుకోవడం వేరు. పొగరు అడ్డమొచ్చింది. బావా, కాటా మంచిదే. తప్పు నాది. అందరూ వినండి.

(మూడో వరుసలోంచి స్టోరుకీపరు: "నాకు తెలుసురా! ఆ మాట పుట్టిన రోజే తూకంరాళ్ళేసి చూశా, ఆవగింజంత తేడా లేదు. అయినా ముట్టుకోకూడని కుప్పకి ఏడాదికి మూడు దంతెలెందుకురా? ఇచ్చింది నేనే కదా!" నవ్వులు)

మరి అప్పుడే అనలేదేం బావా?

("అంటే నీ ఉద్యోగం పోయేది. నువ్వే చెబుతావులే అని చూశా. ఇన్నేళ్ళా! ఇంకొన్నాళ్ళు ఆగితే నాకు చెవులు కూడా వినపడేవి కావు!")

(కండువాతో కళ్ళు తుడుచుకుని)

కళ్ళు మండుతున్నాయి. ఈసారి దుమ్మని చెప్పను. మేడమ్‌గారూ, డైరెక్టరుగారూ, షెడ్డు పిల్లలూ, మీ అందరి మేలూ తలుచుకుంటూ దిగుతున్నాను. మా బావ పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త జరగండి, వస్తున్నా. సెలవు.