నీలి చేతులు

రిక్కార్టన్‌లోని ఓ హాల్లో జాంబియా చిత్రకారుడి బొమ్మలు పెట్టారు. ఎయిర్‌పోర్టులో నీలం గ్లవ్స్ తొడుక్కుని సామాన్లు తనిఖీ చేసే అతను, ఎర్ర కొండ బొమ్మ దగ్గర భార్యతో పాటు ఆగాడు.

ఇందాకే చిత్రకారుడితో మాట్లాడి వచ్చిన ఆమె అంది: "ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. వాళ్ళ ఊరి మట్టితోనే రంగులు కలిపేవాడట."

"ఆ మట్టిని ఈ దేశంలోకి రానివ్వరే!"

"రానివ్వలేదు. డబ్బాడు తెస్తే ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారట. ఇది ఇక్కడి మట్టే."

"పాలపొడి డబ్బాలోనా?"

"నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాలే. ఇక్కడి మట్టితో వేసి 'మా ఊరి కొండ' అని పేరేంటి?"

"రాగి కోసం ఆ కొండంతా తవ్వి ఓడలకెత్తేశారట. కొండ దేశాలు దాటింది గానీ డబ్బాడు మట్టి దాటలేదని నవ్వాడు."

"మట్టిలో ఏ తెగులో వస్తే ఇక్కడి పంటలేం కావాలి? రూల్ రూలే కదా!"

"నిన్నెవరన్నారిప్పుడు? ఇంతకీ కొండని పట్టుకున్న ఈ నీలం గ్లవ్స్ చేతులు దొంగవా, కాపలావాడివా అనడిగితే, తనకే తెలీదన్నాడు."

అవి ఎవరి చేతులో అతనికి తెలుసు. దొంగవో కాపలావాడివో మాత్రం అతనికీ తేలలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"అదిగో, ఇటే వస్తున్నాడు. పరిచయం చేస్తా, షేక్‌హ్యాండ్ ఇవ్వు."