‘ఇతరములు’తో తగవు పడిన ఇంటూ మేడం

ఆసుపత్రుల నుంచి వచ్చిన వ్యాధుల పేర్లు సరిచూడవలెను. ఒకే వ్యాధికి రెండు పేర్లుంటే కలపవలెను. ఏ వ్యాధికి ఏ లక్షణముందో పట్టికలో ఆ గడిలో ఇంటూ గుర్తు పెట్టవలెను. ఎక్కడా ఇమడనివాటిని ‘ఇతరములు’లో వేయవలెను. 1989 ఆగస్టు 7న మా వైద్య పదకోశ విభాగంలో చేరిన మేడం గారి చేతికిచ్చిన పనుల జాబితా ఇది. మొదటి మూడింటినీ శ్రద్ధాసక్తులతో నిర్వర్తించిన వారు, నాలుగోదానితో మాత్రం పదవీ విరమణ దాకా తగవు పడుతూనే ఉన్నారు.

తొలి పదేళ్లు కాగితపు పట్టికలతోనే గడిచాయి. ‘ఇంటూ మేడం’ అన్న పేరు అప్పటిదే. తరువాత, ఆ గుర్తులను బట్టి వ్యాధులను గుంపులుగా కూర్చి, గుంపుల బంధుత్వాన్ని చుక్కల జాలంగా గీసే కంప్యూటర్ పద్ధతిని విభాగానికి తెచ్చినవారూ వారే. ఆ పద్ధతి మనల్నే ప్రశ్నలడుగుతుంది; అవునంటే నియమంగా రాసుకుంటుంది, కాదంటే ఒక్క ఉదాహరణ చూపమంటుంది. ఇంట్లోనూ ఇదే వరస అని వారి అమ్మాయి మొర: “అందరూ వెళ్తున్నారమ్మా అంటే, వెళ్లనివాళ్లని ఒక్కళ్లని చూపిస్తే మానేస్తావా అంటుందండీ.”

మా ఇంట డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. తెలియదనడం నామోషీ అనుకునేవాణ్ణి. నేను చేరిన ఏడాది, సోమవారం కొత్త కోశం ఆసుపత్రులకు వెళ్లాలి, వెళ్లాక ఏడాదిదాకా మార్పు లేదు అనగా, శుక్రవారం కంప్యూటర్ అడిగింది: పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయే ప్రతి వ్యాధిలోనూ వాపు ఉంటుందా? ‘అవును’ నొక్కేశాను.

“ఎవర్ని అడిగి నొక్కావు నాయనా?”

“పట్టికలో అన్నిటికీ ఉంది కదండీ.”

“పట్టికలో లేనివాళ్ల సంగతో? చెప్పులేసుకో, పద.”

పక్క వీధిలోని ఆసుపత్రి వార్డులో పెద్ద నర్సమ్మగారు మా ప్రశ్న విని నవ్వారు. “ఎవరు చెప్పారు మీకు? మూడో మంచం పెద్దమ్మని చూడండి. పొద్దున్నే దువ్వెన పట్టుకోలేదు, వాపు మాత్రం వెతికినా కనపడదు. ‘ఇతరములు’ అని రాసి ఐదు నెలలుగా తిప్పుతున్నారు, కీళ్ల డాక్టరు దగ్గరికి పంపే దిక్కు లేదు.”

మేడం గారు నా ‘అవును’ను కొట్టేసి, ఆ పెద్దమ్మ లక్షణాలతో కొత్త వరుస చేర్చారు. జాలంలో అంతకుముందు లేని చుక్క ఒకటి మొలిచింది. వైద్యులు పరిశీలించి దానికి పేరు పెట్టారు. సోమవారం కోశంతోపాటు వెళ్లింది. నెల తిరక్కుండా నర్సమ్మగారు ఫోన్ చేశారు: “మీ చుక్క తల దువ్వుకుని ఇంటికెళ్లిందమ్మా.”

మేడం గారు నా తప్పు పై అధికారులకు చెప్పలేదు. నాకు ‘అవునయ్య’ అని పేరు మాత్రం పెట్టారు.

వారు ఆయురారోగ్యాలతో, అమ్మాయితో వాదులాడుకుంటూ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది. వారి విరమణ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికలో, ఈ వ్యాసానికి వారు పెట్టిన షరతు ఒక్కటే: ఇందులో పెద్ద నర్సమ్మగారి మాట ఉండి తీరాలి. ఆ నర్సమ్మగారు పదవీ విరమణ చేసిననాడు ఏ సంచికా రాలేదు. కనుక, చదివిన మీరంతా రేపు ‘అవును’ నొక్కేముందు ఆమెను ఒక్కసారి తలచుకోండి.