మూడూ కలిపి పరీక్షించమన్న నాగరత్నంగారు

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి నాగరత్నంగారు 1990 జూన్ పదకొండున గోదావరిఖనిలోని మన గనిజ్యోతి పరికరాల కర్మాగారంలో సహాయ ఇంజనీరుగా చేరారు. తుని నుంచి వచ్చిన ఆమెను మొదట మరమ్మతు విభాగంలో నియమించారు. బొగ్గు గనుల నుంచి తిరిగివచ్చిన గ్యాసు హెచ్చరిక పరికరాలను విప్పి, ఏది చెడిందని కాక, ఎందుకు చెడిందని అడగడం అక్కడే ఆమెకు అలవాటైంది. తరువాత చిప్పుల కూర్పు విభాగం ప్రారంభమైనప్పుడు దాని బాధ్యత ఆమెకే దక్కింది.

ఆ విభాగంలో చిప్పునూ దాని బయటి లోహపు కాళ్ళనూ వెంట్రుకకన్నా సన్నని తీగలతో కలుపుతారు. ఆ తీగ ఎంత లావుండాలో ఆమె ఏనాడూ ఒక్కమాటలో తేల్చలేదు. సంకేతాలు మాత్రమే నడిచే ఇరుకు చోట సన్నతీగ చాలు; లావుతీగ పక్కదానిని తాకుతుంది. కరెంటు ఎక్కువగా వెళ్ళేచోట, తిరిగివచ్చేచోట లావుతీగ తప్పదు. మందం సగమైతే నిరోధం నాలుగింతలవుతుంది. ఈ విచక్షణ మనకు అక్కరలేకపోయింది. కొన్నేళ్ళ కిందట పొదుపు పేరుతో అన్నిచోట్లా ఒకే సన్నతీగ వాడాలని కొనుగోలు సంఘం నిర్ణయించింది.

కొన్ని నెలలకే గని లోపల కార్మికుల భద్రత చూసే సర్దార్ పోశం వచ్చి తన గ్యాసు హెచ్చరిక పరికరాన్ని ఆమె బల్లమీద పెట్టాడు.

"మేడం, గిది పైన మంచిగనే కూస్తది. లోపల హారన్, దీపం, మిషన్ బందుచేసేది ఒక్కపారే లేస్తే నడిమిట్ల మూగవోతది. నలుగురు ఒక్కపారే పిలిస్తే మా అవ్వ గిట్లనే నిలవడ్తది!"

ఆమె నవ్వారు. "మీ అవ్వనేం అనకు పోశం. ఆవిడకి ఊపిరాడాలి, దీనికి దారి కావాలి. అంత కరెంటుకి ఈ తీగ చాలదు."

"మరి జల్ది మార్పియ్యుండ్రి మేడం. నాకు మల్ల రేపు డ్యూటీ ఉన్నది."

ఆమె ఆ మధ్యాహ్నమే కొనుగోలు సంఘం అధ్యక్షులు పట్టాభిరామయ్యగారిని కలిశారు.

"హారన్ మోగిందా? మోగింది. దీపం వెలిగిందా? వెలిగింది. ఇంకేం కావాలమ్మా మీకు?" అన్నారాయన.

"మూడూ కలిపి ఒక్కసారి చూడండి సార్."

చూడలేదు. భయపెట్టే విషయాన్ని ముక్కలు చేసుకొని, ఏ ముక్కా భయంకరంగా లేదని ఊరట పొందడం మనసుకు తెలిసిన ఉపాయం. మన పరీక్షావిధానం దానికి చక్కగా తోడ్పడింది: హారను విడిగా, దీపం విడిగా, యంత్రాన్ని ఆపే మీట విడిగా. గనిలో గ్యాసు అలా వంతులవారీగా రాదు. మళ్ళీ మళ్ళీ అడిగినందుకు ఆమెను ప్యాకింగు విభాగానికి మార్చారు. తాను వద్దన్న పరికరాలనే ఆమె చేత అట్టపెట్టెల్లో పెట్టించడాన్ని పరిపాలన అనలేము, అది కక్ష.

ఈ వీడ్కోలు సంచికకు ఆమె సౌమ్యత గురించి రాయమన్నారు. ఆమె సౌమ్యురాలే. ఆ సౌమ్యతను అంగీకారంగా చూపించి చప్పట్లు కొట్టడం మాత్రం సిగ్గుచేటు. కొత్త విడత పరికరాలు ఇప్పటికీ సన్నతీగతోనే సిద్ధమై, సోమవారం గనులకు వెళ్ళనున్నాయి.

నేటి సభకు పోశం తన పరికరంతో వస్తున్నాడు. పట్టాభిరామయ్యగారు శాలువ కప్పే ముందు, అందరి ఎదుట, మూడింటినీ కలిపి పరీక్షించాలని కోరుతున్నాను. అది మూగబోతే సోమవారం బండి కదలకూడదు.

నాగరత్నంగారు కుటుంబ సభ్యుల నడుమ ఆరోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్ళు జీవించాలి. పోశం కూడా ఇలాగే ఒకనాడు పూలదండతో ఇంటికి చేరాలి. రెండవ కోరిక నెరవేర్చడం మన చేతిలో ఉంది. అది చేయకుండా మొదటిది పలికే అర్హత మనకు లేదు.