సెన్సారు కొన మీద రంగు

నా మెషీన్ అబద్ధమాడదండీ, ఎవరో ఆడించారు. మీరలా పూలు కట్టుకుంటూ నవ్వితే నాకెలా ఉంటుంది చెప్పండి, పిన్నిగారూ?

నిన్న సాయంత్రం మీ చెరువులో ఆక్సిజన్ ఎంత చూపించింది? ఒకటి పాయింట్ తొమ్మిది. మూడు దాటకపోతే చేపకి కష్టం. అందుకే కదా నీళ్ళు చిలికే ఏరేటర్లు వెయ్యండి, లేకపోతే తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయని ఫోన్లో మొత్తుకున్నాను? కరెంటు లేదన్నారు. జనరేటరు మొరాయించిందన్నారు. పెద్దింట్లమ్మకి దండం పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు.

ఒక్క చేప పోలేదు. సంతోషమేనండీ, నేనేమన్నా కాదన్నానా?

కానీ ఇందాక సీసాలో మందు కలిపి పరీక్ష చేశాను. నాలుగున్నర ఉంది. అదే నీళ్ళలో మెషీన్ ఒకటిన్నర అంటోంది. అమ్మవారు చేపల్ని కాపాడిందంటే ఒప్పుకుంటాను. నా అంకెల్ని ఎందుకు మారుస్తుంది?

పన్నెండు చెరువుల్లో పెట్టానండీ ఇవి. ఉండి ఊరి రైతులు ఇంకో ఇరవై అడిగారు. పొద్దున్నే ఫోన్ చేసి వద్దన్నారు. "మెషీన్ కంటే అమ్మవారు నయమటగా" అని ఒకాయన వెటకారం. ఇలా ఇంకో వారం సాగితే నేను దుకాణం కట్టేసుకోవడమే.

ముందు మీ అహరోనునే అనుమానించాను. ఏరేటర్లు చూసుకునే మనిషి కదా, తన పనికి ఎసరొస్తుందని తెడ్డుతో కొట్టాడేమోనని. ఆయనే దాన్ని పైకి లాగి చూపించాడు. దెబ్బ లేదు. కానీ నీళ్ళలో మునిగే కొన మీద, జాలీ లోపల, ఏదో అంటుకుని ఉంది, బురదలో రంగు తెలియలేదు. "బొట్టులా ఉంది బాబూ. ఆదివారం చర్చికెళ్ళేవాణ్ణి, నాకు బొట్టుతో పనేంటి?" అన్నాడు.

మరి ఎవరికుందండీ పని?

కొత్త మోటారుకి పసుపు మీరే రాశారు. కొత్త వలకీ రాశారు. నా మెషీన్ బిగించిన రోజు గిన్నె పట్టుకుని వస్తే వద్దన్నానా లేదా? ఆ కొన మీద పల్చటి పొర ఉంటుందండీ. ఆక్సిజన్ అందులోంచే లోపలికెళ్ళాలి. అది మూసుకుపోతే మంచి నీళ్ళని కూడా చెడ్డవంటుంది.

ఒట్టు వద్దండీ. ఒట్లతో నాకేం తేలుతుంది? ఇదిగో తెల్ల గుడ్డ. మీ కళ్ళ ముందే తుడుస్తాను. పసుపు వచ్చిందంటే మీరే.

చూడండి.

పసుపు కాదు.

కుంకుమ కూడా కాదు. నారింజ రంగు. నూనె జిడ్డు ఉంది. ఇన్నాళ్ళు నీళ్ళలో ఉన్నా పోలేదంటే అందుకే.

అలా చూడకండి, పిన్నిగారూ. మీకు తెలిసిపోయిందిగా. ఆంజనేయస్వామి సింధూరం.

నేనేనండీ.

తాడేపల్లిగూడెంలో నా గదిలో అన్నీ సరిచూశాను. అంకెలన్నీ కుదిరాయి. కుదిరాకే భయమేసింది. ఉద్యోగం మానేసి వచ్చినవాణ్ణి కదా. మద్ది ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చుకున్నది చిటికెడు తీసి పెట్టాను. పెట్టె మీద పెడితే మీరందరూ చూస్తారు. సైన్సు కబుర్లు చెప్పే శశాంక్ సింధూరం పెట్టాడంటారు. అందుకని ఎవరికీ కనపడకుండా జాలీ లోపల. పెట్టి, ఆ సంగతే మర్చిపోయాను.

పన్నెండింటికీ పెట్టాను.

మిగతావాళ్ళు నా ఫోన్ రాగానే ఏరేటర్లు వేసుకున్నారు. చేపలు బతికాయి. మెషీన్ గొప్పదన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఒక్కసారైనా సీసా పరీక్షతో పోల్చి చూద్దామని తోచలేదు. మీకు కరెంటు పోబట్టి బయటపడింది గానీ.

నవ్వండి, పరవాలేదు. అహరోనుకి కూడా చెప్పండి, ఆయన్ని ఊరికే అనుమానించానని.

ఇప్పుడెళ్ళి ఆ పదకొండూ తుడవాలి. తుడిచే ముందు మాత్రం ఒక దండం పెట్టుకుంటానండీ. దానికి రీడింగేం మారదులెండి.