కుండ లోపలి గీతలు

కుమ్మరి తన సారె దగ్గర ఉన్నాడు. అతని వదిన ఖాళీ బుట్టతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈ వారం కుండలు లేవు వదినా. ఇక ఏ వారమూ ఉండవు. బుట్ట తీసుకుని వెళ్లు."

"అదేంట్రా? ఆరు నెలలుగా చేసిపెడుతున్నావు కదా!"

"ఆరు నెలలుగా పాపం చేస్తున్నాను. అన్నయ్య చేసినవి నువ్వు పెరట్లో పిసికి ముద్ద చేస్తావు. నావి తెచ్చి, ఇవే మీవి అని ఆయన చేతికిస్తావు. చూపు పోయిన మనిషిని మోసం చెయ్యడానికి మనిద్దరమే దొరికామా?"

"మోసమే. కాదన్నానా? మొన్న ఆయన చెయ్యి వణికి, కుండ ఒక పక్కకి కూలబడింది. 'భలే వచ్చిందండీ' అన్నాను. ఏం చెయ్యమంటావు?"

"నిజం చెప్పు."

"చెబితే? చూపు పోయిన రోజు 'చేతులున్నాయి కదే' అని నన్నే ఓదార్చాడు. ఆ చేతులూ పోయాయని నా నోటితో చెప్పనా? తెల్లారి నేను ఆయన్ని బావిలో వెతుక్కోవాలి."

"వదినా, ఆ మాటలేంటి..."

"నీ కాళ్లు పట్టుకుంటాను."

"లే. ముందు లే! నా గడప తొక్కకు అన్నది ఆయన. పన్నెండేళ్లు! ఇప్పటికీ నా పేరెత్తనివ్వడు, అవునా?"

"ఎత్తనివ్వడు. ఒకే సారె, నువ్వటు తిప్పితే ఆయనిటు తిప్పేవాడు. మధ్యలో నలిగింది నేను. ఇప్పుడూ నేనే."

"పోనీ, నా కుండలు బాగానే ఉన్నాయంటాడా?"

"అనడమా! ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుంటాడు. చెయ్యి లోపల పెట్టి అడుగు నుంచి అంచుదాకా నిమురుతాడు, పసిపిల్లాడి వీపు నిమిరినట్టు."

"లోపలా?"

"లోపలే. ఒక్కోసారి కళ్లు తుడుచుకుంటాడు. నిన్నయితే 'అంచు పల్చనైంది, ఇంకాస్త మందంగా లాగాలి' అన్నాడు. తన పని తనకే నచ్చలేదు, పిచ్చి మనిషి. ఏంట్రా? మొహం అలా పెట్టావేం?"

"వదినా, నాది ఎడమచేతి వాటం. నా సారె ఎదురు తిరుగుతుంది. లోపలి వేలిగీతలు ఆయనవి కుడికి ఎక్కితే, నావి ఎడమకి ఎక్కుతాయి. నాకు పని నేర్పినవాడు. నువ్వు తీసుకెళ్లిన మొదటి కుండలో చెయ్యి పెట్టిన రోజే..."

"తెలిసిపోయిందా? తెలిసే ఆరు నెలలు... నాతో ఒక్క మాటైనా..."

"అంచు మందంగా లాగాలని ఆయన ఎవరికి చెప్పి పంపాడనుకున్నావు వదినా?"