అంచు దొరకలేదు

భోపాల్‌పట్నంలో ఎండ ముదిరిన మధ్యాహ్నం. కిరాణా దుకాణం తలుపు వేసి, ఈశ్వరరావు వెనక గదిలో మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. డాక్టరీ చదువుతున్న మనవరాలు మాధురి పక్కన కూర్చుంది. ఆయన భార్య మంగాదేవి వంటింట్లో ఉంది.

“మళ్ళ బనీను ఎత్తాల్నా?”

“ఎత్తు తాతా. మోకాళ్ళు ముడుచుకో. కడుపు వదులుగ పెట్టు.”

“హోళీకి వచ్చినప్పుడు గూడ పిసికినవు గదా. ఫస్ట్ క్లాస్ అన్నవు. కడుపు అదే, నేను అదే.”

“అప్పుడు చేసింది తప్పు. అందుకే పరీక్షల ఫెయిలైన. రేపు మళ్ళ ఉన్నది. ఈసారి గూడ పోతే నా తోటోళ్ళంత ముందటికి పోతరు, నేను ఆడనే ఉంట.”

“ఊఁ.”

“ఊఁ అంటవు. ఎట్ల ఫెయిలైనవని ఒక్కనాడన్న అడిగినవా?”

“అడిగితే ఏడుస్తవని.”

“ఏడ్వను. అడుగు.”

“ఎట్ల ఫెయిలైనవే?”

“తర్రెం దిక్కు నుంచి సోమారు అని ఒకాయన్ను తెచ్చి పండుకోబెట్టిండ్రు. కడుపు చూసి ఏమున్నదో చెప్పమన్నరు. ఎడమ పక్క ఎముకల కింద తిల్లి ఉంటది…”

“తిల్లంటే?”

“స్ప్లీన్. ఉత్తప్పుడు చేతికి తగలదు. జరాలు వచ్చీ వచ్చీ గట్టిగ పెరుగుతది. నువ్వు కడుపుల బల్ల అంటవు చూడు.”

“బల్లనా. అట్ల చెప్పు.”

“పక్కబొక్కల కింద చెయ్యి పెట్టు, ఊపిరి పీల్చమను, అంచు తగిలితే ఉన్నట్టు, తగలకుంటే లేనట్టు. ఫోన్ల చూసిన వీడియోల అంతే చెప్పిండు. అట్లనే చేసిన. తగలలే. లేదు సార్ అన్న.”

“ఉన్నదా?”

“బొడ్డు దాటి ఉన్నది తాతా! అంచు ఎక్కడో కింద. నేనేమో దాని నడుమ చెయ్యేసి అంచు కోసం చూస్తున్న. సార్ ఏమనలే. నా చెయ్యి పట్టుకొని కిందికి జరిపిండు, అంతే. సోమారే నవ్విండు.”

“మాధురీ! మీ తాత మజ్జిగ గూడ ముట్టలేదు చూడు!”

“ఎండకే. నీ పని నువ్వు చూసుకో.”

“ఏం ఎండయ్యా? చలికాలంల గూడ రెండు ముద్దలకే చాలంటివి. మనిషి సగమైండు, కడుపే మిగిలింది.”

“నాయనమ్మా, జర ఆగు. చదువుకుంటున్న.”

“ఆ వీడియోల పండుకున్నది ఎవరే?”

“ఎవడో తాతా. సన్నగ, జిమ్ముకు పోయేటోడు.”

“వానికి బల్ల ఉన్నదా?”

“వానికేముంటది? పాట పెట్టి, రంగులు పెట్టి మస్తుగ తీసిండ్రు. లక్షల మంది చూసిండ్రు. అంతమంది చూసింది తప్పెట్లయితది అనుకున్న.”

“కాలేజీల చూపెట్టరా?”

“చూపెడ్తరు. మంచం చుట్టూ మందల నిలబడ్తం. నాకు సార్ వీపు కనబడ్తది. వీడియోల చెయ్యన్న కనబడ్తదని…”

“మరి ఇప్పుడేంది, మళ్ళ ఫోనే పెట్టినవు?”

“ఇది వేరే. ముసలి డాక్టరు. చీకటి గది, మాట సరిగ ఇనబడదు, చూసినోళ్ళు గూడ లేరు. కుడి పక్క పొత్తికడుపు కాడ మొదలుపెట్టి, ఊపిరి ఊపిరికి పైకి రమ్మంటడు.”

“ఈయన చెప్పేది నిజమని ఎట్ల ఎరుక?”

“ఈసారి పుస్తకం తీసి చూసిన. అదే ఉన్నది. అప్పుడు చూడలే.”

“ఊఁ. కానియ్యి. నడుం గుంజుతున్నది.”

“పెద్దగ పీల్చు. వదులు. మళ్ళ పీల్చు.”

“నీ చెయ్యి చల్లగున్నది.”

“మాట్లాడకు. పీల్చు… వదులు… పీల్చు…”

“ఏందే, బొడ్డు కాడనే ఆగినవు?”

“మళ్ళ పీల్చు తాతా.”

“పీలుస్తనే ఉన్న గదా. అయిందా?”

“ఇంకోసారి.”

“పరీక్షల గూడ ఇన్నిసార్లు పీల్చమంటే ఆ రోగే లేచి పోతడు.”

“తాతా… రెండు ముద్దలకే కడుపు నిండుడు ఎప్పటి సంది?”

“ఎప్పటిదో.”

“ఎప్పటిదో అంటే?”

“దసరా సంది అనుకో.”

“దసరా సందా! మరి దవాఖానకు ఎందుకు పోలే? జగదల్‌పూర్ బస్సు మన దుకాణం ముందటనే ఆగుతది గదా!”

“పోదామనే సంచి సదిరిన. అప్పుడే నువ్వు హోళీకి వచ్చి, ఏం లేదు తాతా అన్నవు.”