నూట ఇరవై మంది, ఒకే జవాబు

"మామా, నా పీహెచ్‌డీ మునిగింది! ఎవరో నా సర్వే చెడగొట్టిన్రు."

"దమ్ తీసుకో బిడ్డా. ఏమైందో చెప్పు."

ఆ శుక్రవారం మహారాష్ట్రలోని భివండిలో కరెంటు లేదు, మరమగ్గాలన్నీ బంద్. షెడ్డు గడపలో కూర్చున్న మేనమామ ముందు ఆమె కాగితాల కట్ట పడేసింది. కేబుల్ టీవీకి ప్రభుత్వం ఎలాంటి నియమాలు పెట్టాలన్నది ఆమె పరిశోధన.

"నూట ఇరవై ఇండ్లకు ఈ కాగితాలు పంచిన. టీవీల ఏం చూస్తరంటే అందరు ఒక్కటే రాసిన్రు. వార్తలు, రోజుకు అర్ధగంట!"

"మంచిదే గదా!"

"ఏం మంచిది? కుస్తీలొస్తే నీ షెడ్డోళ్ల కేకలకు గల్లీ అంత లేస్తది! ఇవన్ని దొంగ జవాబులన్నది మా మేడం. సోమవారం దాక నిజమైనవి తేకపోతే నా స్కాలర్‌షిప్ బంద్."

"కేబుల్ కట్ చేస్తరని భయపడ్డరేమో."

"గదేం కాదు. ఎవరో నేర్పిన్రు. నువ్వేనా?"

"నేనా? రోజు సినిమాలు చూసే నాతోని గూడ వార్తలనే రాయించిన్రు!"

ఆమెకు నవ్వు తన్నుకొచ్చినా ఆపుకుంది. "ఎవరు మామా?"

"చెప్పనని ఒట్టేసిన. అందర్ని ఇప్పుడే పిలుస్త, మళ్ల అడుగు, నిజమే చెప్తరు. ఆమెను మాత్రం తిట్టకు. ఇది నీ పరీక్ష అనుకున్నది. మంచి జవాబులు రాస్తే నీకు మార్కులొస్తయని ఇల్లిల్లు తిరిగింది."

"ఆమె అంటే ఎవరు?"

"ఇంకెవరు, మా అక్క పోచమ్మ. మీ అమ్మ!"